తలకింత అని కాదు, పనికింత అని అమ్మండి

వెబ్ అప్లికేషన్ తయారుచేసిన మన కుర్రాళ్లు ధర పెట్టే దగ్గరికి వచ్చేసరికి ఏదో అమెరికా కంపెనీ ప్రైసింగ్ పేజీ తెరుస్తారు. యూజర్‌కి నెలకి ఇన్ని డాలర్లు అన్న చోట రూపాయలు వేసి, కాస్త తగ్గించి పెట్టేస్తారు. ఈ తలసరి లెక్క మన చిన్న వ్యాపారాలకు అచ్చిరాదు.

ఒక మోస్తరు డయాగ్నొస్టిక్ సెంటర్‌ని తీసుకోండి. కౌంటర్‌లో బిల్లు కొట్టే అమ్మాయి, శాంపిల్ తీసే టెక్నీషియన్, రిపోర్టు ఎంటర్ చేసే ఇంకొకరు, సంతకం పెట్టే పాథాలజిస్టు, సాయంత్రం లెక్క చూసుకునే ఓనరు. యూజర్‌కి 500 అంటే నెలకి 2,500. ఓనరు ఒక్క లాగిన్ కొని ఊరుకుంటాడు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అతికిస్తారు. ఇక ఐదుగురికీ అదే పేరు. ఒకరోజు హిమోగ్లోబిన్ 12.1 కాస్తా 21.1 అని ప్రింటయి వెళ్లిపోయిందనుకోండి, ఎవరు కొట్టారో తేల్చే దారే లేదు. మంచి అప్లికేషన్‌ని ధర చెడగొట్టింది. పోనీ కంపెనీకైనా డబ్బులొచ్చాయా అంటే, వచ్చింది 500.

అదే ఓనరు రోజుకి ఎన్ని రిపోర్టులు వెళ్తున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. రిపోర్టుకి 2 రూపాయలు అనండి. లాగిన్‌లు ఎన్ని కావాలంటే అన్ని ఇవ్వండి. రోజుకి 60 రిపోర్టులు, నెలకి 26 రోజులు వేసుకున్నా 3,120 వస్తుంది. పేషెంటు దగ్గర వందలు తీసుకునే టెస్టులో 2 రూపాయలు అతనికి బరువు కాదు. ముందే రీచార్జి చేయించుకుంటే వసూళ్ల టెన్షన్ కూడా ఉండదు.

2010లో మొదలైన షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా పట్టుకున్న కిటుకు ఇదే. బ్రోకర్లు లావాదేవీ విలువలో ఇంత శాతమని గుంజుతున్న రోజుల్లో ఆర్డర్‌కి 20 రూపాయలు అనేసింది. ట్రేడింగ్ చేసేవాడు లెక్కపెట్టుకునేది ఆర్డర్లనే కదా! ఆఫీసు వాళ్లు మెసేజ్‌లు పంపుకునే యాప్‌ని తలకింత అని అమ్మే స్లాక్ కూడా, వాడకుండా వదిలేసిన వాళ్లకు బిల్లు వేయకూడదని నియమం పెట్టుకుంది.

వాడకాన్ని బట్టి ధర పెడితే కస్టమర్ వాడటానికే జంకుతాడని, కంపెనీ ఆదాయం నెలనెలా ఊగుతుందని అంటారు. కొంత నిజమే. కరెంటు బిల్లులాగా శ్లాబులు పెట్టి, పైన ఒక గరిష్ఠ పరిమితి చెప్పేస్తే ఆ జంకు చాలావరకు పోతుంది. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అమ్మే యూనిటీ సంగతేమిటని కూడా అడుగుతారు. 2023 సెప్టెంబరులో గేమ్ ఇన్‌స్టాల్‌కింత ఫీజు అని ప్రకటించి, డెవలపర్లు తిరగబడితే ఏడాదికల్లా రద్దు చేసుకుంది. ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ డెవలపర్‌కి డబ్బులు రావు, వాటిని ఆపడం అతని చేతిలోనూ లేదు. డబ్బు తెచ్చే పనిని వదిలేసి ఇంకోదాన్ని కొలిస్తే ఎవరు ఒప్పుకుంటారు?

అసలు మనవాళ్లకి తలలు లెక్కపెట్టే అలవాటు ఎక్కడిది? 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి హైదరాబాద్ ఎక్కువగా అమ్మింది మనుషుల గంటలనే. మ్యాన్ అవర్, హెడ్‌కౌంట్, బెంచ్, బిల్లింగ్... ఈ మాటల మధ్యే పెరిగిన ఇంజినీరు సొంతంగా ఏదైనా కడితే "ఇద్దరం, ఆరు నెలలు, మీద కాస్త లాభం" అని ధర కడతాడు. కొనేవాడికి ఆ ఆరు నెలలతో ఏం పని? తన దగ్గర ఏ తప్పు తగ్గింది, ఏ పని తొందరగా తెమిలింది, దానికే అతను డబ్బులిస్తాడు. ఆ విలువ కట్టడం రాకే బంగారంలాంటి పనిని మన పిల్లలు కారుచవగ్గా అమ్ముకుంటున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

దీన్ని కాలేజీలోనే సరిచేయొచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలో ఏ డేటాబేస్ వాడావని అడుగుతారు, స్క్రీన్‌షాట్లు చూస్తారు, సంతకం పెట్టి పంపేస్తారు. దీన్ని ఎవరు కొంటారు, దేన్ని లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటావు అన్న ప్రశ్నకి కూడా మార్కులు కేటాయించాలి. జేఎన్‌టీయూలు వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఈ పని మొదలుపెట్టొచ్చు.