కుడిచెయ్యి ఖాళీ లేదు

నా బైకు పెట్రోలు ట్యాంకుకి రంగు వెయ్యమంటే పెయింటర్ వేశాడు. బాగానే వేశాడు. కానీ మోకాళ్ళు ఆనించుకోవడానికి ట్యాంకుకి రెండు పక్కలా ఉండాల్సిన నల్ల రబ్బరు ప్యాడ్లు బండికి లేవు, ఒక కిరాణా కవర్లో ఉన్నాయి. ఇవి అంటించవా అంటే, "పీకడం వరకే మా పని మాస్టారూ" అన్నాడు. షోరూముకి వెళ్తే, "ప్యాడ్లు విడిగా రావు సార్, ట్యాంకుతోనే వస్తాయి" అన్నారు. కాస్త జిగురు రాసే పనికి కొత్త ట్యాంకు కొనుక్కోవాలన్నమాట.

పోనీ ఆ పీకడమైనా సరిగ్గా పీకాడా? హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు వేడి చేస్తే పాత జిగురు మెత్తబడుతుంది. అప్పుడు గాలం దారం వెనక్కి దూర్చి ఇటూ అటూ లాగితే ప్యాడు బుద్ధిగా ఊడి వస్తుంది, రంగు మీద గీత పడదు. సూర్యనారాయణమూర్తి కొలువున్న శ్రీకాకుళంలో డ్రయ్యర్ కూడా దండగే, మే నెల మధ్యాహ్నం బండిని బయట పెడితే చాలు. మనవాడు స్క్రూడ్రైవర్ పెట్టి లేపాడు. ప్యాడు వంకర తిరిగింది.

అంటించే పద్ధతి చెప్పులు కుట్టే వాళ్ళనడిగితే చెప్తారు. డబ్బాలో ఉండే పసుపు జిగురు రబ్బరుకీ ట్యాంకుకీ రెండింటికీ పల్చగా రాసి, వేలు పెట్టి చూస్తే అంటుకోనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు ఒక చివర నుంచి నొక్కుకుంటూ రావాలి. "అంతసేపు ఎవడాగుతాడు బావా?" అన్నాడు మా బావమరిది. ఆదివారం పొద్దున్న అరసవిల్లి రోడ్డులో ఒక హార్డ్‌వేర్ షాపులో సూపర్ గ్లూ ట్యూబు కొని, షాపు ముందే ప్యాడుకి ధారాళంగా పోసి, నా చేత నొక్కించి, ఫోనొచ్చిందని పక్కకి వెళ్ళాడు.

ఆ జిగురు మామూలు జిగురులా ఆరి గట్టిపడేది కాదు, తేమ తగిలితే గట్టిపడుతుంది. మన జిల్లాలో గాలి నిండా తేమే. అది చాలదన్నట్టు నా అరచెయ్యి నిండా చెమట. ప్యాడు అంచు నుంచి కారిన జిగురు నా వేళ్ళ కిందికి వచ్చింది. ట్యాంకు వంపుకి, వంకర రబ్బరుకి పొత్తు కుదరలేదు గానీ, నా చేతికీ రబ్బరుకీ మాత్రం వెంటనే కుదిరింది. కదిపి చూస్తే చర్మం సాగింది. బావమరిది ఎక్కడున్నాడా అని తల తిప్పాను.

మా పెద మావగారు కనబడ్డారు.

ఆదివారం కదా, దర్శనం చేసుకుని వస్తున్నారు. నుదుట బొట్టు, చేతిలో ప్రసాదం. నన్ను చూసి ఆగారు. "అల్లుడు గారూ! ఏటి, ఇక్కడ నిలబడిపోనారు?"

నమస్కారం పెట్టాలి. కుడిచెయ్యి ట్యాంకు మీద ఉంది. ఎడమచెయ్యి ఒక్కటీ గుండెల దాకా లేపి, దానికి తోడు ఇంకేదో వస్తుందేమో అని కాసేపు ఆగి, దించేశాను. ఆయన ముఖంలో రంగు మారింది. ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టర్. నిజం చెప్తే "ఎందుకలా?" అంటారు. దానికి జవాబు చెప్తే "అసలు ఎందుకలా?" అంటారు. నా పెళ్ళిలో తాళి కట్టాక, నా పీజీ మార్కులు అంత తక్కువ ఎందుకొచ్చాయని అడిగిన మనిషి ఆయన. అందుకే బండికి చేరబడి, ట్యాంకు మీద చెయ్యేసి, సాయంకాలం డచ్ బంగ్లా దగ్గర నాగావళి ఒడ్డున గాలికి నిలబడ్డ వాడిలా నవ్వాను.

ఆయన ప్రసాదం పొట్లం విప్పారు. లడ్డూ తుంచి చెయ్యి చాపారు.

స్వామి ప్రసాదం. ఇస్తున్నది పిల్లనిచ్చిన వాళ్ళింటి పెద్ద. ఎడమచెయ్యి చాపితే ఆ కబురు నాకంటే ముందు టెక్కలి చేరి, అక్కణ్ణించి పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా ఉన్న చుట్టాలందరికీ అందుతుంది. వద్దంటే అంతకన్నా అపచారం. తరవాత తీసుకుంటానందామంటే, లడ్డూ పట్టుకున్న చెయ్యి నా ముక్కు దగ్గరే ఉంది. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. హార్డ్‌వేర్ షాపాయన తూకం ఆపేసి మావైపే చూస్తున్నాడు.

"నోట్లో పెట్టెయ్యండి మావయ్య గారూ," అన్నాను.

ఆయన నా వంక చూశారు. ఆటోలో ఉన్నవాళ్ళు కూడా చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, ముందుకొచ్చి, నలభై దాటిన అల్లుడి నోట్లో నడిరోడ్డు మీద లడ్డూ పెట్టారు. జీడిపప్పు తగిలింది. నమలడం అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఆ తరవాత నా కుడిభుజాన్ని మెల్లగా తట్టి, "ఎప్పట్నుంచి బాబూ?" అని చాలా నెమ్మదిగా అడిగారు. లడ్డూ అడ్డం పడి మాట రాలేదు. తల ఊపాను. ఆయన కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

సరిగ్గా అప్పుడే ప్యాడు ట్యాంకు నుంచి టప్పున ఊడింది. నా చేతి నుంచి ఊడలేదు. ఆ రబ్బరుతోనే పక్కనున్న ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి నెయిల్ పాలిష్ రిమూవర్ అడిగాను. అందులో ఎసిటోన్ ఉంటే ఈ జిగురు కరుగుతుంది. కౌంటర్లో అమ్మాయి నా చేతిని, దానికి వేలాడుతున్న వస్తువుని చూసి, "పాలిష్ ఏదండీ?" అంది. బావమరిది అప్పటికి తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి వీడియో తీస్తున్నాడు. ఆ రిమూవర్ చుక్క కొత్త రంగు మీద పడితే ఏమవుతుందో కూడా అదే పూట తెలిసింది. దాని గురించి ఇప్పుడు మాట్లాడే ఓపిక లేదు.

రాత్రి మా ఆవిడ ఫోను పట్టుకొచ్చింది. పెద మావగారట. నా కుడిచేతికి బాగైతే అరసవిల్లిలో నా పేరున సూర్యనమస్కారాలు చేయిస్తానని మొక్కేశారట. టికెట్టు డబ్బులు మాత్రం నేనే పెట్టుకోవాలట, అప్పుడే ఫలితమట.