కళావతి కారు

జాకెట్టు చేతికి పట్టిన నెయ్యి మరక ఇంకా వదల్లేదు. శనగపిండి అయింది, పౌడరు అద్దడం అయింది, ఇక డ్రైక్లీనింగే గతి. నిన్న మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశంలో జరిగిన సంగతి ఇది. అప్పుడే మా చుట్టాల ఫోన్లలో రకరకాలుగా తిరుగుతోంది. కొందరి లెక్కన నేను దేవుణ్ణి నమ్మడం మానేశాను. ఇంకొందరి లెక్కన నాకేదో పెద్ద జబ్బు చేసింది, మావాళ్లు దాస్తున్నారు. అందుకని అసలుది నేనే చెప్పేస్తున్నాను.

ముందు నా ఒంటి సంగతి గబగబా చెప్పేస్తాను. నాకు థైరాయిడ్, మందకొడిగా పనిచేసే రకం. పొద్దున్నే పరగడుపున 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రల్ని మాటల్లేని తోడికోడళ్లలాగా దానికి నాలుగు గంటల ఎడంలో పెట్టాలి. ఇదంతా పద్ధతిగానే చేస్తున్నాను. అయినా బరువు పెరుగుతుంటే డాక్టరమ్మ దగ్గరికెళ్లి "అంతా ఈ థైరాయిడ్ వల్లేనండీ" అన్నాను. ఆవిడ రిపోర్టు చూసింది. థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ ఉండాల్సిన చోటే ఉంది. "థైరాయిడ్ వాటా మహా అయితే రెండు నుంచి నాలుగు కిలోలమ్మా, అందులోనూ ఎక్కువ ఉప్పూ నీరూ. మిగతాదంతా మీ సొంతం" అంది. ఫీజు పుచ్చుకుని మరీ ఇంత మాట అంటారా?

ఆ పౌరుషంతోనే ఆన్‌లైన్‌లో ఒక కోచ్ దగ్గర చేరాను. రోజుకి పదహారు గంటలు ఉపవాసం, ఎనిమిది గంటలు తిండి. నా విండో మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. కుర్రాడికి ముప్పై ఏళ్లుండవు, పొట్ట అనే అవయవమే లేదు. రోజూ పొద్దున్నే గ్రూపులో జపాన్ శాస్త్రవేత్త ఒహ్సుమి గారి ఫొటో పెడతాడు. కణాలు తమ చెత్తను తామే తినేసే ఆటోఫజీ మీద పనిచేసినందుకు 2016లో ఆయనకి నోబెల్ వచ్చింది. దండం పెట్టాల్సిన మనిషే, కాదనను. కానీ ఆయన పరిశోధించింది ఈస్టు మీద. ఈస్టుని గృహప్రవేశాలకి పిలవరు.

మా అబ్బాయి ఊరుకోక, చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిని ఏడాది పాటు గమనించి 2022లో అచ్చువేసిన పరిశోధన ఒకటి నాకు చదివి వినిపించాడు. తినే కేలరీలు ఒకేలా తగ్గించినప్పుడు, గంటలు లెక్కపెట్టుకుని తిన్నవాళ్లకీ, మామూలుగా తిన్నవాళ్లకీ తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. గ్రూపులో పెట్టాను. కోచ్ ఒక తామరపువ్వు బొమ్మ పెట్టి, కింద "నమ్మకం ముఖ్యం మేడమ్" అని రాశాడు. అప్పటికే డబ్బు కట్టేశాను కాబట్టి నమ్మాను.

ఇక నిన్న. కూకట్‌పల్లిలో కొత్త అపార్టుమెంటు, తొమ్మిదో అంతస్తు. తెల్లవారుజామున పాలు పొంగించారు, తర్వాత సత్యనారాయణ వ్రతం. పదకొండు దాటాక అయిదు కథలూ అయ్యాయి, మంగళహారతి అయింది. తీర్థం దగ్గర గండం గడిచింది. పంచామృతం చేతిలో పడగానే కళ్లకద్దుకుని, తాగినట్టే తాగి తలకి రాసేసుకున్నాను. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. మాడు కాస్త జిగటగా ఉన్నా ఉపవాసం చెక్కుచెదరలేదు.

ప్రసాదం అలా కాదు కదా. పంతులుగారు చెప్పినట్టే నూక, పంచదార, నెయ్యి అన్నీ కిలోంబావు చొప్పున పోసి చేశారు. మా ఆడపడుచు చెయ్యి మొదటినుంచీ పెద్దది. అరచేతి నిండా గోపురంలా పెట్టి, పైన అరటిపండు ముక్క నిలబెట్టి, "వదినా, అన్నవరం రుచి వచ్చిందో లేదో చెప్పు" అని పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయింది. టైము చూస్తే పదకొండూ పది.

ఎడమచేత్తో ఫోన్ తీసి, బొటనవేలితో కోచ్‌కి మెసేజ్ కొట్టాను. "చేతిలో ప్రసాదం. ఏం చెయ్యను?" జవాబు వెంటనే వచ్చింది. దానికి మాత్రం మెచ్చుకోవాలి. "నాలుక మీద తీపి తగిలితే ఇన్సులిన్ లేస్తుంది మేడమ్. యాభై నిమిషాలే కదా. హోల్డ్ చేయండి."

హోల్డ్ చేయండి అట. ఈ కుర్రాడు జన్మలో ఎప్పుడైనా చేత్తో ప్రసాదం పట్టుకున్నాడా? వేడివేడి ప్రసాదంలో నెయ్యి మొదట పెద్దమనిషిలాగే ఉంటుంది, నూకలో దాక్కుని. అయిదు నిమిషాలకి వేళ్ల సందుల్లోకి వచ్చింది. చేతిని కాస్త పైకెత్తాను. అక్కడే తెలిసింది, కిందికి వంచితే నేలమీద పడుతుంది, పైకెత్తితే ముంజేతి మీదుగా గాజుల కిందికి పోతుంది. నేలమీద పడితే పాపం. గాజుల కిందికి పోతే పట్టు జాకెట్టు. పాపమా పట్టా అని కాసేపు తూచుకుని, జాకెట్టుకే అన్యాయం చేశాను.

పక్కన పెడదామంటే ప్రసాదాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. కుడిచేతిలోది ఎడమచేతిలోకి మార్చకూడదు. ఎవరికైనా ఇచ్చేద్దామని ఎదురుగా ఆడుకుంటున్న పిల్లాణ్ణి పిలిచాను. వాడు నా చెయ్యి వంక, నా మొహం వంక చూసి, "నాకు వద్దు ఆంటీ, ఇందాకే నాలుగు సార్లు తిన్నా" అని పారిపోయాడు. తాంబూలం పళ్లెంలోంచి ఒక తమలపాకు లాగి పొట్లం కడదామని చూశాను. ఒంటిచేత్తో తమలపాకు పొట్లం కట్టగలిగినవాళ్లెవరైనా ఉంటే నాకు చూపించండి. ఆకు చిరిగింది. అరటిపండు ముక్క జారి నా కుచ్చిళ్లలో ఎక్కడో మాయమైంది. అది ఇంటికొచ్చాక దొరికింది.

ఇంకో తమాషా చూడండి. ఆ గదిలో అసలు ఉపవాసం ఉన్నది నేనొక్కదాన్నే కాదు. పీటల మీది దంపతులు తెల్లవారుజాము నుంచీ మంచినీళ్లు తప్ప ముట్టలేదు. మా అత్తయ్యగారు ఏకాదశులూ, శనివారం ఒంటిపూటలూ, కార్తీక సోమవారాలు నక్షత్రం కనిపించేదాకా పస్తులూ నా పెళ్లికి ముందునుంచే చేస్తున్నారు. ఒక యాప్ లేదు, కోచ్ లేడు, ఫీజు లేదు. ఆవిడ బరువు కూడా ఏమీ తగ్గలేదు, అది వేరే సంగతి. ఆవిడ మాత్రం ప్రసాదం కళ్లకద్దుకుని హాయిగా తినేశారు. డబ్బు కట్టి ఆకలితో నిలబడినదాన్ని నేనే. తిండి ఆపితే ఒళ్లు కూడా పొదుపు మొదలుపెడుతుందని, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌ని చురుగ్గా పనిచేసే టీ3గా మార్చడం తగ్గించేస్తుందని డాక్టరమ్మ అన్న మాట సరిగ్గా అప్పుడే గుర్తుకొచ్చింది. అంటే నేను నెయ్యి కారుతూ నిలబడిన ఆ అరగంటలో లోపల నా ఒళ్లు నాకు తెలియకుండా ఖర్చు తగ్గించుకుంటోందా అని ఒకటే అనుమానం.

ఇంతలో మావారి మేనత్తగారి కన్ను నామీద పడింది. ఆవిడకి చత్వారం ఉంది గానీ, ఎవరు ఏం తినలేదో మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

"ఏమ్మా, ప్రసాదం నోట్లో వేసుకోలేదే?"

"తింటానండీ. పన్నెండింటికి."

"పన్నెండింటికి ముహూర్తమేమన్నా ఉందా?"

ఇన్సులిన్ గురించి చెప్పబోయాను. చుట్టూ ఉన్న నలుగురూ మాటలాపి వినడం మొదలుపెట్టారు. "నాలుక మీద తీపి తగిలితే..." దాకా వచ్చేసరికి, గుమ్మంలోంచి మావారు ఆయాసపడుతూ లోపలికొచ్చారు.

"కారుకి తాళం వేసేశారు! విజిటర్ పార్కింగ్ నిండిపోయిందని ఎవరిదో స్లాటులో పెట్టాను. ముందు చక్రానికి ఇంత లావు ఇనప క్లాంపు వేసి పోయారు!"

గది మొత్తం నిశ్శబ్దం. ఇందాకే పంతులుగారు నాలుగో కథ రాగం తీసి మరీ చెప్పి ఉన్నారు. మొగుడొచ్చాడన్న తొందరలో కళావతి ప్రసాదం తినకుండా పరుగెత్తడం, రేవులో ఓడ మొగుడితో సహా మునిగిపోవడం. అయిదో కథలో ప్రసాదం కాదన్న తుంగధ్వజ మహారాజు నూరుగురు కొడుకుల్నీ పోగొట్టుకోవడం కూడా అందరి చెవుల్లో ఇంకా తాజాగానే ఉంది. అందరూ ఒక్కసారి మావారిని చూశారు, తర్వాత నా చేతిని చూశారు.

"ఓడ మునిగింది" అన్నారు మేనత్తగారు, ఎంతో తృప్తిగా.

"అత్తా, మునగలేదు, తాళమే వేశారు" అని మా ఆడపడుచు సర్దబోయింది గానీ ఎవరూ వినలేదు. మా అబ్బాయి సోఫాలో కుషను మొహానికి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నాడు. పంతులుగారు సంభావన లెక్కపెట్టుకోవడం ఆపి, "తినేయండమ్మా. కథలో కూడా ఇంటికెళ్లి ప్రసాదం తినొచ్చాకే కదా ఓడ తేలింది" అన్నారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. మావారి వంక చూసి నిట్టూర్చారు, అంతే. ఆ నిట్టూర్పులో నా పెళ్లినాటి నుంచి నేటిదాకా అన్నీ ఉన్నాయి. మావారైతే, ఇంతకాలం నా ఉపవాసం వల్ల పొద్దున్న పూట పెసరట్టుకి దూరమైన మనిషి, "తినెయ్యవే, కారు సంగతి" అన్నారు బతిమాలుతున్నట్టు. ఇంజినీరింగ్ చదివిన మనిషి!

తినేశాను. పదకొండూ నలభై. చల్లారిపోయి ముద్దకట్టినా ఎంత బాగుందో చెప్పలేను. ఎలాగూ లేచిన ఇన్సులిన్ ఊరికే పోవడమెందుకని మళ్లీ చెయ్యి చాచాను. ఫోన్ యాప్‌లో ఉపవాసం ముగించాను అని నొక్కితే, ఇరవై నిమిషాలు ముందే ఎందుకు ముగించారో కారణం ఎంచుకోమంది. ఆకలి, ఒత్తిడి, విందు, నిద్రలేమి. మొగుడి కారు అనే కారణం లేదు. ఒత్తిడి అని నొక్కాను. దీర్ఘంగా శ్వాస తీసుకోమని ఒక వీడియో వచ్చింది.

సగంమంది బాల్కనీలోకి వెళ్లి కిందికి తొంగిచూశారు, తాళం దానంతటదే ఊడిందేమోనని. ఊడలేదు. "మనస్ఫూర్తిగా తిన్నదో లేదో" అని వెనకనుంచి ఎవరో అన్నారు, ఎవరో నాకు తెలుసు.

చివరికి నేనూ మావారూ కాగితం గిన్నెలో ప్రసాదం పట్టుకుని, సెక్యూరిటీ అతన్ని మంచి చేసుకుందామని కిందికి దిగాం. నా విండో తెరుచుకునే శుభవేళకి, పైన బూరెలూ పులిహోరా వడ్డిస్తుండగా, నేను స్తంభం పక్కన చీర ఎగదోపుకుని క్లాంపు వంక చూస్తూ నిలబడ్డాను. మావారు గిన్నె ముందుకు చాపి, "స్వామి ప్రసాదం, తీసుకో బాబూ" అన్నారు.

అతను కళ్లకద్దుకుని గిన్నె తిరిగి మావారి చేతిలో పెట్టేశాడు. "నాకు షుగర్ సార్. తినను."

తాళంచెవి మరి? అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర ఉంటుందట. ఆయనెక్కడ? పైన తొమ్మిదో అంతస్తులో, మా ఆడపడుచు వాళ్ల ఇంట్లోనే, మొదటి బంతిలో కూర్చుని భోంచేస్తున్నారట.