సరయేవో జనం నోరు మూసుకున్నారని ఎవరు చెప్పారండీ?

ఆదివారం పొద్దున్నించి ఇప్పటికి ఏడుసార్లు వచ్చింది నాకు ఆ మెసేజి. ఒంగోలులో మా వీధి గ్రూపులో రెండుసార్లు, కాలేజీ స్నేహితుల గ్రూపులో ఒకసారి, మిగతావి విడివిడిగా. అందరికంటే ముందు పంపింది మా బావగారు. అందులో ఉన్నదిది: "బోస్నియాలో సరయేవో నగరాన్ని శత్రువులు వెయ్యి రోజులు ముట్టడించారు. నీళ్ళు లేవు, కరెంటు లేదు. అయినా జనం నాయకుల్ని ఒక్క మాట అనలేదు. ప్రపంచమంతా వాళ్ళకు అండగా నిలిచింది. చదువులు ఆగలేదు, పత్రిక ఆగలేదు. మన ఉదయగిరి కోటలోనూ అంతే. మనమో, మూడు రోజులు కొళాయి రాకపోతే గోల చేస్తాం. సిగ్గుపడదాం." చివర దణ్ణం పెడుతున్న చేతులు.

వెయ్యి కాదు, 1425 రోజులు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా. ఆ మెసేజి పైన అతికించిన ఫొటో, మంచులో స్లెడ్జి లాక్కుపోతున్న ఆడమనిషిది, లెనిన్‌గ్రాడ్‌లో అంతకు యాభై ఏళ్ళ కిందట తీసింది. పోనీండి, ఫొటో ఏదైతేనేం, ఏడుపొస్తే చాలు కదా.

ఉదయగిరి సంగతి. 1513లో రాయలు వచ్చి చుట్టుముడితే కోట ఏడాదికి పైగా లొంగలేదు, నిజమే. లొంగాక అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. దాన్ని శాసనంలో చెక్కించిందీ ఆయనే. లోపల గింజలు నిండుకున్న ఇల్లాలు కోటనేలిన కళింగ రాజు గజపతిని ఏమని తిట్టిందో గెలిచిన రాజుకెందుకు? దీన్ని సాక్ష్యానికి తేకండి.

ప్రపంచం అండగా నిలిచిందట! సరయేవోలో ఒక స్మారకం ఉంది, వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. సాయం కింద పంపిన డబ్బా గొడ్డుమాంసానికి స్మారకమది. కుక్కలు కూడా మూతి పెట్టలేదని అక్కడివాళ్ళు చెప్పుకునే ఆ డబ్బాను 2007లో పెద్ద బొమ్మ చేసి నిలబెట్టారు. కింద రాసింది, అంతర్జాతీయ సమాజానికి సరయేవో పౌరులు కృతజ్ఞతతో సమర్పించినదని. వెటకారంలో మన నెల్లూరోళ్ళు కూడా వాళ్ళ దగ్గర పాఠం నేర్చుకోవాలి. 1993 జనవరిలో వాళ్ళ ఉపప్రధాని హకియా తురాయ్లిచ్‌ని ఐక్యరాజ్యసమితి కవచ వాహనంలో కూర్చుని ఉండగానే కాల్చి చంపారు. కాపలా ఉన్నది శాంతి సైనికులే. అదీ ఆ అండ.

ఇక నా కడుపు మండించిన మాట: "నాయకుల్ని ఒక్క మాట అనలేదు."

అసలు ముట్టడి ఎలా మొదలైందో ఇది రాసిన మహానుభావుడికి తెలుసా? 1992 ఏప్రిల్ 5న, 6న వేలమంది జనం వీధుల్లోకి వచ్చి శాసనసభ ముందు చేరారు. నాయకులకు పూలదండలు వెయ్యడానికి కాదు. ఊరిని మతం పేరున పంచుకుంటున్న పార్టీలన్నీ దిగిపోవాలని. మొదటిరోజు వంతెన మీద సుఆదా దిల్బెరోవిచ్, ఓల్గా సుచిచ్ తూటాలకు పడిపోయారు. ఇవాళ ఆ వంతెనకు వాళ్ళిద్దరి పేర్లే. మర్నాడు హోటల్లోంచి, ఊరిని ముట్టడించిన బోస్నియా సెర్బుల నాయకుడు కరాజిచ్ మనుషులు గుంపు మీదికి కాల్చారు. నాయకుల్ని నిలదియ్యడానికి వచ్చినవాళ్ళే ఆ తూటాలకు ఎదురుపడ్డారు, బావగారూ.

కొండల మీంచి కాల్చినవాళ్ళు హంతకులు, అందులో రెండో మాట లేదు. కరాజిచ్‌కి, అతని సేనాని మ్లాదిచ్‌కి హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో యావజ్జీవం పడింది. మరి లోపలో? త్సాత్సో అని ముషాన్ తోపలోవిచ్ ఒకడు. యుద్ధం రాగానే ఊరిని కాపాడే సైన్యంలో కమాండరయ్యాడు. దారినపోయేవాళ్ళని పట్టుకెళ్ళి ముందు వరసలో కందకాలు తవ్వించాడు. అతని మనుషులు ఊళ్ళోనే ఉండిపోయిన సెర్బుల్ని చంపి కజానీ గుంటలో పడేశారు. ఊరిని కాపాడుతున్నాడు కదా అని పైవాళ్ళు నెలల తరబడి చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

యోవాన్ దివ్యాక్ ఊరుకోలేదు. పుట్టుకతో సెర్బు, అయినా సరయేవో పక్షాన నిలబడిన సైన్యాధికారి. ఈ ఆగడాల మీద 1993లో సాక్షాత్తూ అధ్యక్షుడు ఇజెత్‌బెగోవిచ్‌కే ఉత్తరం రాశాడు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం కదిలింది. త్సాత్సోని పట్టుకోబోయి తొమ్మిదిమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు, వాడూ చచ్చాడు. అయిపోయిందా? 1996లో వాడి శవాన్ని తీసి అమరవీరుల శ్మశానంలో జనసముద్రం మధ్య మళ్ళీ పూడ్చారు. అది చూసి దివ్యాక్ తన జనరల్ హోదా తిరిగి ఇచ్చేశాడు. మీ మెసేజి లెక్కలో ఆయన సిగ్గుపడాల్సిన మనిషే కాబోలు! ముట్టడిలో ఉండి నాయకుణ్ణి అడిగాడు మరి.

విమానాశ్రయం కింద 1993లో తవ్విన ఎనిమిది వందల మీటర్ల సొరంగం వాళ్ళ పట్టుదలకు గుర్తు, కాదనను. అందులోంచి వచ్చిన సరుకు నల్లబజారులో ఎంతకు అమ్ముడుపోయిందో, ఎవరి జేబులు నిండాయో అక్కడి ముసలివాళ్ళను అడగండి. వాళ్ళు తిట్టే తిట్లు ఈ గ్రూపులో పెట్టడానికి బాగుండవు.

నీళ్ళ కోసం వరసలో నిలబడ్డవాళ్ళ మీద 1993 జులైలో దోబ్రిన్యాలో గుండు పడి పదిమందికి పైగా పోయారు. బిందె పట్టుకుని పోయిన ఆ మనుషుల్ని తెచ్చి, ఇక్కడ బిందె పట్టుకున్నవాళ్ళ నోరు నొక్కడానికి వాడుకుంటారా? కాస్తయినా ఉండాలి.

చదువులు ఆగలేదు, పత్రిక ఆగలేదు అన్నది మాత్రం చాలావరకు నిజం. బడులు నేలమాళిగల్లో నడిచాయి. ఆఫీసు భవనం కూలిపోయినా 'ఓస్లోబొజేన్యె' పత్రిక వస్తూనే ఉంది. ఒక్క మాటా అనకుండా ఉండేదానికి పత్రిక ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే మా బావగారు ఎలాగూ స్క్రీన్‌షాట్ పెడతారు. శనివారం రాత్రి గ్రూపులో "మన వీధి యుద్ధభూమిలా ఉంది, ముట్టడిలో ఉన్నట్టుంది" అని రాసింది నేనే. ఖాళీ బిందెల వరస ఫొటో కూడా పెట్టాను. ఆ వీధిలోనే ఆ రాత్రి కుర్రాళ్ళు క్రికెట్ ఆడారు, నేను ఐస్‌క్రీం తెప్పించుకున్నాను. 2012లో సరయేవో నడివీధిలో చనిపోయినవాళ్ళ గుర్తుగా 11,541 ఎర్ర కుర్చీలు ఖాళీగా వేశారు. ఆ మాట నేను రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడే తీసేశాను.

మూడు రోజులుగా కొళాయి రాలేదన్న మాట మాత్రం తియ్యలేదు. ఇవాళ్టితో నాలుగు. రేపు ట్యాంకరు ఏ వేళకు వస్తుందో తెలిసినవాళ్ళు దణ్ణాలు మాని అది పెట్టండి.