సగం వాడి దాచిన చెవి చుక్కల సీసా గారికి బహిరంగ లేఖ

చెవి చుక్కల సీసా గారూ,

మందుల డబ్బాలో దగ్గు సిరప్ పక్కన దర్జాగా కూర్చున్నారు కదా, కాస్త ఇటు వినండి. ఇంట్లో ఎవరైనా చెవి పట్టుకుని అబ్బా అన్నారంటే చాలు, గులిమా, చీమా, నీళ్ళు పోయాయా అని ఒక్క మాట అడక్కుండా ముందు మిమ్మల్నే పిలుస్తారు, మీరూ ఏ మొహమాటం లేకుండా వచ్చేస్తారు.

అసలు సంగతి మీకు తెలీదా ఏంటి? జలుబు చేశాక పిల్లలకి వచ్చే చెవిపోటు చాలావరకు మధ్య చెవిది, దానికీ మీరు పడే చోటుకీ నడుమ కర్ణభేరి అని ఒక తలుపుంది, అది మూసుంటే మీలోని యాంటీబయోటిక్ అవతలికి పోదు, గడప తడిపి రావడమే మీ వైద్యం. ఆ నొప్పి చాలామంది పిల్లలకి రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, అందుకే మరీ చంటిపిల్లలు కాకుండా, తీవ్రంగా లేకపోతే డాక్టర్లు నొప్పి మందు ఇచ్చి 48 నుంచి 72 గంటలు చూద్దాం అంటారు, యాంటీబయోటిక్ అవసరమైతే నోటికిస్తారు. తగ్గాక పేరు మాత్రం మీకు. సొమ్మొకడిది సోకొకడిది!

ఇంకో విచిత్రం కూడా ఉంది. రాత్రంతా గుక్కపట్టి ఏడ్చిన పిల్ల తెల్లారేసరికి నవ్వుతూ లేస్తుంది, దిండు మీద పసుప్పచ్చ మరక, చెవి కింద చెంప మీద ఎండిన చార, ఇంట్లో అందరూ "చూశారా, రాత్రి వేసిన చుక్కలు ఎలా లాగేశాయో" అని మురిసిపోతారు. లాగింది మీరు కాదు మహానుభావా, చీము ఒత్తిడికి కర్ణభేరికి చిల్లు పడింది, ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పి పోయింది. చాలావరకు ఆ చిల్లు తర్వాత పూడిపోతుంది లెండి. కానీ నిన్నటిదాకా లోపలికి పోలేని మీరు ఇవాళ్టి నుంచి నిజంగానే పోగలరు, అంటే మీరు పనికొచ్చేదీ ఇప్పుడే, మిమ్మల్ని చూసి భయపడాల్సిందీ ఇప్పుడే.

అందుకే అడుగుతున్నా, మీ ఇంటిపేరేంటి, అంటే మీలో ఉన్న యాంటీబయోటిక్ ఏది? సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వాళ్ళైతే రండి కూర్చోండి. చిల్లు పడి వారాల తరబడి చీము కారే చెవికి ముందు మీరే గతి, 0.3 శాతం అంటే ఒక ఎంఎల్‌లో 3 మిల్లీగ్రాములు, బిళ్ళ మింగితే చెవి దాకా అంత మందు ఎన్నటికీ రాదు. జెంటామైసిన్, నియోమైసిన్, ఫ్రామైసెటిన్ వాళ్ళైతే మాత్రం చిల్లున్న చెవి గుమ్మం ఎక్కొద్దు. మీ వాళ్ళు లోపలి చెవిలో వినికిడినీ, బ్యాలెన్సునీ చూసుకునే కణాల్ని చంపగలరు, అందరికీ అలా అవుతుందని కాదు గానీ పోయినవి మనిషికి మళ్ళీ మొలవవు. మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బులో కళ్ళు తిరగడం ఆపడానికి డాక్టర్లు కావాలనే జెంటామైసిన్‌ని మధ్య చెవిలోకి ఎక్కించి ఆ బ్యాలెన్సు భాగాన్ని దెబ్బకొడతారు, మీ పవర్ అలాంటిది, దాన్ని మేం ఏ లేబులూ చదవకుండా అటకెక్కించి పెట్టుకున్నాం!

మీ గొప్ప నేను కాదనను. కర్ణభేరికి చిన్న కంత చేసి అందులో ట్యూబు పెట్టిన పిల్లలకి చీము కారితే ఏది మేలని నెదర్లాండ్స్‌లో 230 మంది పిల్లల మీద చూసి 2014లో బయటపెట్టారు, రెండు వారాలకి ఇంకా కారుతున్నది యాంటీబయోటిక్, స్టీరాయిడ్ కలిపిన చుక్కలు వేసిన వాళ్ళలో 5 శాతం, నోటి మందు వాడిన వాళ్ళలో 44, ఊరికే కనిపెట్టుకుని ఉన్న వాళ్ళలో 55. దారి దొరికితే మీరు పులే.

దారి చూపించే ఓపిక మాకుండాలి, అదే లేదు. చీము తుడవకుండా దాని మీదే పోస్తే మీరు లోపలికెలా పోతారు? చల్లటి సీసా అలాగే ఒంపితే గది గిర్రున తిరుగుతుంది, కాసేపు గుప్పిట్లో పెట్టుకుంటే పోయేదానికి. పక్కకి పడుకోబెట్టి, చుక్కలేసి, చెవి ముందుండే ఆ చిన్న బుడిపెని నాలుగుసార్లు నొక్కి ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి, మేమేమో వేసిన మరుక్షణం దూది కుక్కి ఫోన్ చూసుకుంటాం. అది చాలక, డాక్టర్ చెప్పిన గడువు దాటి వారాల కొద్దీ వేస్తే బ్యాక్టీరియా పోయి ఫంగస్ దిగుతుంది, అప్పుడు దురదకి కూడా మిమ్మల్నే పిలుస్తాం, సిగ్గు లేదు మాకు.

చెవి వెనక వాచినా, మూతి వంకర పోయినా, కళ్ళు తిరుగుతున్నా, కంపు కొట్టే చీము ఎన్ని చుక్కలకీ ఆగకపోయినా మీరు డబ్బాలోంచి కదలొద్దు, అది ఈఎన్‌టీ డాక్టర్ పని, అదీ వెంటనే. ఇంకా మీ మూత ఎప్పుడు తీశామో ఎవరికీ గుర్తులేదు, తీసిన నెలలోపు పారేయాలని మీ వీపు మీదే రాసుంది. కాబట్టి రేపు మిమ్మల్ని సాగనంపుతున్నాం, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మందుల డబ్బా సర్దే మనిషి