ఆగస్టు 9న డాన్స్ చేయిస్తే ఆదివాసీ పాఠం అయిపోయినట్టేనా?

ఏటా ఆగస్టు 9కి చాలా స్కూళ్లలో ఒకటే తంతు. పిల్లల మొహాలకు రంగులు పూసి, తలకు అట్టముక్కలతో చేసిన ఈకలు కట్టి, ధింసా పాట పెట్టి స్టేజీ ఎక్కిస్తారు. అది ఏ తెగ వేషమో వేయించినవాళ్లకే తెలియదు. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పడతాయి, అంతటితో ప్రపంచ ఆదివాసీ దినోత్సవం ముగుస్తుంది. ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో పిల్లలకు ఎవరూ చెప్పరు. ఆదివాసుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన వర్కింగ్ గ్రూపు 1982లో మొదటిసారి సమావేశమైంది ఆ రోజునే. హక్కుల మాట ఎక్కడా రాకుండా ఆ రోజును వేషాల పోటీ చేసేశాం. సోషల్ చెప్పుకుని బతికేదాన్ని, ఇది చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

పుస్తకాల్లో ఏమీ లేదని నేను అనను. అల్లూరి ఉన్నాడు, కొమురం భీం ఉన్నాడు. కానీ మన క్లాసుల్లో వాళ్లిద్దరూ బిట్ పేపర్‌కి సరిపడా మాత్రమే మిగిలారు. "జల్, జంగల్, జమీన్ ఎవరి నినాదం?" అని అడిగితే పిల్లలు టక్కున చెప్పేస్తారు. ఆ నీళ్లూ అడవీ భూమీ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి, ఏ చట్టంతో పోయాయని అడిగితే నోరు విప్పరు. నిజానికి సోషల్ అంటే ఆ రెండో ప్రశ్నే కదా!

పన్నుల పాఠమే తీసుకోండి. 1879 రంప తిరుగుబాటు కంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? గోదావరి జిల్లా రంప కొండల్లో కల్లు గీసుకోవడం మీద అక్కడి జమీందారు లాంటి మన్సబుదారు చిగురుపన్ను గుంజాడు. దానికితోడు ప్రభుత్వం అబ్కారీ నియమాలు తెచ్చింది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లకు అర్థంకాని కాగితాల మీద అప్పులు రాయించుకుని, కోర్టులో ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని, పశువులతో సహా జప్తు చేయించుకుపోయారు. పన్ను, కోర్టు, పోలీసు, వడ్డీ అన్నీ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య పేర్లు మన పదో తరగతిలో ఎంతమంది విన్నారు? ఇక 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి గురించి చెప్పేటప్పుడు అల్లూరి పేరుతో ఆపేస్తాం. ఆయన పక్కన నిలబడి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు కనపడరు. ఆ మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటుదారు పార్లమెంటు సభ్యుడైన కథ మన ఇంటి ముందే ఉంటే, ప్రజాస్వామ్యం పాఠానికి ఎక్కడెక్కడి ఉదాహరణలో వెతుక్కుంటున్నాం.

పాత ఆదిలాబాద్ జిల్లాలోని మార్లవాయి అనే గోండు ఊరి గురించి కూడా చెప్పాలి. 1940లో భీం చనిపోయాక, గోండుల అలజడికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన గోండుల మధ్యే ఉండి, భూములు ఎలా పోయాయో రాసిపెట్టాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. రాజరికంలో, యుద్ధకాలంలో, అడవి మధ్య ఇది జరిగింది. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా టీచరు మాట్లాడే తెలుగు అర్థంకాక ఒకటో తరగతిలో బిత్తరచూపులు చూసే గోండు పిల్లలున్నారు. వాళ్లకు "చదువు మీద ఆసక్తి లేదు" అని రాసేస్తాం. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

జలియన్‌వాలాబాగ్ గురించి కళ్లనీళ్లు వచ్చేలా చెబుతాం, చెప్పాలి కూడా. అదే ఏప్రిల్ నెలలో, 1981లో 20వ తేదీన, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది, అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివాళ్లు చెబుతారు. కాల్పించింది తెల్లవాడైతే పాఠం, మన పోలీసైతే మౌనం. పిల్లలు దీన్ని గమనించరని ఎందుకనుకుంటాం?

ప్రపంచం సంగతికి వస్తే, టొరంటోలో చదివే మన చుట్టాల పిల్లలు సెప్టెంబరు 30న ఆరెంజ్ చొక్కా వేసుకుని స్కూలుకు వెళ్తారు. కెనడాలో లక్షన్నరకు పైగా ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి వేరుచేసి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టి, వాళ్ల భాషను నోట్లోనే చంపేసిన చరిత్ర వాళ్లకు క్లాసులో చెబుతారు. ఆ స్కూళ్ల మీద విచారించిన అక్కడి కమిషన్ 2015లో ఇచ్చిన 94 సూచనల్లో ఈ చరిత్రను బడుల్లో చెప్పాలన్నదీ ఒకటి. అదే పిల్లలు సెలవులకు వచ్చి బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని, సెల్ఫీలు దిగి వెళ్లిపోతారు. ఆ చుట్టుపక్కల గనుల లీజుల మీద అనంతగిరి ఆదివాసుల తరఫున సమత సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లిందనీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఆదివాసుల రక్షణకు రాజ్యాంగం కింద గుర్తించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పు వచ్చిందనీ వాళ్లకెవరు చెబుతారు? ఇక్కడి పిల్లలకే మనం చెప్పలేదు. అక్కడి భూమి ఆదివాసీలు కానివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం అంటే ఏమిటో తెలియకుండా డిగ్రీ అయిపోయినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు.

2007లో ఆదివాసుల హక్కుల ప్రకటనకు ఐక్యరాజ్యసమితిలో 144 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించినవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఆ నాలుగింటినీ మ్యాపులో గుర్తించమని, వాటి చరిత్రలో ఏం కలుస్తోందో చెప్పమని పిల్లల్ని అడిగి చూడండి. తర్వాత వాళ్లు పీరియడ్ బెల్లు కొట్టినా లేవరు. ఇంకో ప్రశ్న కూడా వేయండి: భారత్ అనుకూలంగా ఓటేసింది, కానీ మన దేశంలో అందరూ మూలవాసులేనని మన ప్రభుత్వ వాదన. మరి పోలవరంలో మునిగే కోయ, కొండరెడ్డి గూడేలకు ఆ ఓటు వల్ల ఏం ఒరిగింది?

"ఐఐటీ ఫౌండేషన్ పిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఒక్కటే. రేపు మీవాడు కలెక్టరో ఇంజినీరో అయితే, ఈ కొండల్లో రోడ్డో డ్యామో గనో వేసే ఫైలు వాడి టేబుల్ మీదికే వస్తుంది. ఆ ఫైల్లో ఉన్న మనుషులెవరో వాడికి పదిహేనేళ్ల వయసులోనే తెలియాలి. ఆదివాసీ పిల్లలకంటే ముందు ఈ పాఠం కావాల్సింది మైదానం పిల్లలకే.

ఈ ఆగస్టు 9కి నా క్లాసులో రంగులూ ఈకలూ ఉండవు. సమత తీర్పును తేలిక తెలుగులో రెండు పేజీలకు కుదిస్తున్నాను. సగంమంది కంపెనీ తరఫున, సగంమంది ఊరి తరఫున వాదిస్తారు. కావాల్సిన టీచర్లు మెసేజ్ పెట్టండి, ఆ పేజీలు పంపిస్తాను.