మెమరీ కార్డు గారి దివ్యసముఖానికి

అయ్యా, 512 జీబీ కార్డు గారూ,

అమలాపురం నుంచి నమస్కారాలు. తమరు సొరుగులో సిలికా జెల్ పొట్లం పక్కన క్షేమంగా ఉన్నారు. మేమే కొంచెం అటూ ఇటూగా ఉన్నాం.

తమరు అగ్గిపెట్టె కన్నా చిన్న. తమకు పెట్టిన డబ్బుతో పాడిగేదెకు బయానా ఇవ్వొచ్చని మా అమ్మ లెక్క. గేదె అలిగితే ఇవాళ్టి పాలు తగ్గిస్తుందే గానీ నిన్నటి పాలు మాయం చెయ్యదు కదా అని కూడా అంది.

ముందుగా తమరు ఒంటి మీద వేయించుకున్న అంకె సంగతి. పెద్ద అక్షరాల్లో సెకనుకు 500 ఎంబీ పైమాటే. తీరా చూస్తే అది చదివే వేగం. రాసే వేగం ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆగకుండా ఎంత వేగంతో రాయగలరో మీ వాళ్ళలో చాలామంది అసలు రాసుకోరు. వీడియోలు తీసే మాకు కావలసింది ఆ మూడోదే. పదెకరాల కొబ్బరితోట అని సంబంధం కుదిర్చి, అందులో ఎనిమిదెకరాలు గోదావరి కోతకి పోయాయని తాళి కట్టాక చెప్పే పెళ్ళిళ్ళ పేరయ్య తమకి ఏమవుతాడండీ?

మీ పెద్దన్నగారు ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ డిస్కు గారు ఇంకో రకం. కంప్యూటర్‌కి తగిలిస్తే 931 జీబీ అంటారు. మీరు వెయ్యితో లెక్కేస్తారట, కంప్యూటర్ 1024తో వేస్తుందట. అంబాజీపేటలో కొబ్బరికాయల బేరమైతే కొసరు పైకి వేస్తారు. కిందికి వేసింది మీ వంశం ఒక్కటే.

ఇక కనుమ నాటి సంగతి. మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ప్రభలనే ఎత్తైన వెదురు వాహనాల మీద వచ్చే రోజు. గంగలకుర్రు ఊరి ప్రభల్ని కౌశిక నది దాటించి తెస్తారు. వెదురు, రంగుబట్టలు, గంటలు, ఆ బరువంతా భుజాలకెత్తుకుని జనం నీళ్ళలోకి దిగుతారు. వన్ మోర్ అంటే రుద్రుడు వినడు.

మామూలుగా నేను 4కేలో సెకనుకు 24 ఫ్రేములతో (అంటే 24 బొమ్మలతో), ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే బరువైన వీడియో రకంలో తీస్తాను. సెకనుకు 88 ఎంబీ దాకా అవుతుంది, తమ కడుపులో గంటన్నర పడుతుంది. ఆ రోజు స్లో మోషన్ పిచ్చి పుట్టి 60 ఫ్రేములు పెట్టాను. సెకనుకు 221 ఎంబీ. గంటన్నర కాస్తా 38 నిమిషాలైంది. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ తమరు ఆగింది 38వ నిమిషంలో కాదు, నాలుగో నిమిషంలో! కడుపు నిండి కాదు, మింగలేక. మొదట గబగబా మింగి, లోపలి చిన్న తొట్టె నిండాక నెమ్మదించడం మీలో కొందరికి అలవాటని తరవాత తెలిసింది.

ధవళేశ్వరంలో కాలవలు పట్టినంత కాలవలకి పోగా, మిగిలిన నీళ్ళు గేట్లెత్తి సముద్రానికి వదిలేస్తారు. కెమెరాలో కూడా తమరు పట్టనిది సముద్రం పాలే. దాన్నే డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంటారు. ఫ్రేమ్ జారితే రికార్డింగ్ ఆపెయ్యమని మెనూలో నేనే పెట్టుకున్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ప్రభ నడినీళ్ళలో ఉంది. "అశ్శరభ శరభ" అని కేకలు. నేను ఫోకస్ మీదే ఉన్నాను. ప్రభ ఒడ్డెక్కాక పక్కనున్న తాతగారు నెమ్మదిగా అన్నారు: "ఆ ఎర్రలైటు ఇందాకే ఆరిపోయిందండి బాబూ. అలా ఆరాలేమో అనుకున్నానండి."

తమ మంచితనం కూడా చెప్పాలి. పోయిన నెల మా అసిస్టెంట్ కుర్రాడు కాపీ చెయ్యకుండానే తమకి ఫార్మాట్ కొట్టేశాడు. అడంగల్లో పేరు కొట్టేసినట్టే అది. ఇంకొకడు దున్నే లోపు భూమి అక్కడే ఉంటుంది. అదృష్టం, అప్పటికి వాడు దున్నడం మొదలుపెట్టి రెండు షాట్లే అయింది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే పెళ్ళంతా దొరికింది, తలంబ్రాలు తప్ప.

అప్పట్నుంచి నిండిన కార్డుకి ఎర్ర టేపు. రెండు డిస్కుల్లోకి కాపీ, చెక్‌సమ్ (కాపీలో తేడా రాలేదని చూసే లెక్క) కలిశాకే ఫార్మాట్, అదీ కెమెరాలోనే. నిండిన కార్డులు పూతరేకుల డబ్బాలో పెడుతున్నాం. (ఆ డబ్బా మూత తీసిన చుట్టాల మొహాలు 60 ఫ్రేముల్లో తియ్యాల్సినవి.)

ఫిల్ము రోజుల్లో వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలు. అడుగడుక్కీ నిర్మాత గుండె పట్టుకునేవాడు, కాబట్టి ఎవరో ఒకరు కట్ చెప్పేవారు. తమరొచ్చాక ఆ పని తమరే చేస్తున్నారు, అదీ మాతో ఓ మాటైనా అనకుండా.

ఉంటానండి.

ఇట్లు,
తమ వాయిదాలు ఇంకా నాలుగు కట్టాల్సిన కెమెరామన్

తా.క.: మా మేనమామ ఫోన్లో తీసింది వాట్సాప్‌లో పంపాడు. నిలువుగా తీశాడు. ప్రభ నీళ్ళలో దిగింది మొదలు ఒడ్డెక్కేదాకా మొత్తం ఉంది. ఆయన బొటనవేలు కూడా మొత్తం ఉంది.