మిక్చర్ స్క్రూ బిగిస్తే ఓవర్‌ఫ్లో ఆగదు

పాత చిన్న కార్లున్నవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "కార్బురేటర్ ఓవర్‌ఫ్లో అవుతుంటే మిక్చర్ స్క్రూ పూర్తిగా బిగించండి. యాక్సిలరేటర్ నాలుగైదుసార్లు తొక్కి సెల్ఫ్ కొట్టండి. కార్బురేటర్‌ని తట్టండి. నీడిల్‌ని ఎమరీ పేపర్‌తో రుద్దండి. అప్పటికీ ఆగకపోతే ఇంకా బలమైన పంపు వేయండి." కార్బురేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం; అందులోంచి పెట్రోలు పొంగడమే ఓవర్‌ఫ్లో. ఈ సలహాల్లో ఒక్కదానిలోనే కొంత నిజం ఉంది. మిగతావి బండిని బాగు చేయవు సరికదా, వాటిలో ఒకటి రెండైతే బండికి నిప్పంటుకునేదాకా తెస్తాయి.

ముందు స్క్రూ సంగతి. చాలా కార్బురేటర్లలో అది ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) వెళ్లే కొద్దిపాటి పెట్రోలునే అదుపు చేస్తుంది. ఓవర్‌ఫ్లో పుట్టేది ఫ్లోట్ బౌల్‌లో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో. పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోట్ (తేలే డబ్బా) పైకి తేలి, నీడిల్‌ని (మొనదేలిన చిన్న కడ్డీని) సీట్‌లోకి (పెట్రోలు వచ్చే రంధ్రంలోకి) నెట్టి, దారి మూసేయాలి. నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ చేసే పనే ఇది. దారి మూసుకోకపోతే బౌల్ పొంగి, మెయిన్ నాజిల్ నుంచి పెట్రోలు నేరుగా ఇంజన్‌లోకి కారుతుంది. ఆ దారిలో మిక్చర్ స్క్రూ లేనే లేదు. దాన్ని గట్టిగా బిగిస్తే మొనకు గాడి పడి, ఆ తర్వాత ఐడిల్ కుదరదు. ఇప్పటికే తిప్పేసి ఉంటే, మెల్లగా ఆనేదాకా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. ట్యూనింగ్ మొదలుపెట్టడానికి సాధారణంగా అది చాలు.

యాక్సిలరేటర్ పదేపదే తొక్కమనడం ఇంకా తప్పు. తొక్కిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు మరికాస్త పెట్రోలు చిమ్ముతుంది. అసలే తడిసిపోయిన ప్లగ్గుల మీద ఇంకా పోసినట్టే. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి గాలిని తగ్గించే మూత) తీసేసి, పెడల్‌ని ఒకేసారి చివరిదాకా నొక్కి అలాగే ఉంచి, 5 నుంచి 10 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. గాలి ఎక్కువ వెళ్లి లోపలి పెట్రోలును ఊడ్చేస్తుంది. ఇంజన్ అందుకోగానే పెడల్ వదిలేయండి. రెండు మూడు ప్రయత్నాల్లో అందుకోకపోతే ప్లగ్గులు విప్పి ఆరబెట్టాలి. కార్బురేటర్ బయట పెట్రోలు కారుతుంటే మాత్రం సెల్ఫ్ జోలికే పోవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

తట్టడం కొంతవరకు నిజమే. సీట్‌లో నలుసు ఇరుక్కుని ఉంటే, స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ పక్కన మెల్లగా తడితే అది జారిపోవచ్చు. సుత్తి వాడితే మెత్తటి లోహపు బాడీ పగులుతుంది. తట్టాక ఆగిందంటే నలుసు ఉండే అవకాశం ఎక్కువ. ఫిల్టర్ మార్చండి, లోపల పొరలు ఊడుతున్న పాత రబ్బరు పైపులు కూడా మార్చండి.

నీడిల్ దగ్గర మాత్రం నిదానంగా చూడాలి. దాని కోన్ (మొనదేలిన భాగం) మీద, సీట్ ఆనే చోట, సన్నటి వలయం అరిగి ఉంటుంది. వెలుతురులో కనిపించకపోయినా గోరు ఆనిస్తే తగులుతుంది. ఎమరీతో రుద్దితే వలయం పోవచ్చు గానీ కోన్ ఆకారం కూడా పోతుంది, అప్పుడు ఎప్పటికీ సరిగా మూసుకోదు. రబ్బరు మొన ఉన్నదైతే రుద్దే మాటే లేదు. నీడిల్, సీట్ రెండూ కలిపే మార్చాలి. సీట్ కింది వాషర్ పాతదాని మందమే ఉండాలి, మందం మారితే పెట్రోలు లెవెల్ మారుతుంది. తర్వాత ఫ్లోట్. ఇత్తడిదైతే చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడ్డట్టే. మంటకు దూరంగా వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. ఫోమ్ లాంటి ఫ్లోట్ పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది, దాన్ని మార్చడమే. బిగించే ముందు మూత తిరగేసి, ఫ్లోట్ తన బరువుతో నీడిల్ మీద ఆనేలా ఉంచి, ఇన్‌లెట్‌లో శుభ్రమైన గొట్టంతో ఊదండి. గాలి పోకూడదు. ఫ్లోట్ ఎత్తు మాన్యువల్‌లో చెప్పిన మిల్లీమీటర్లకు సరిచేయండి. గాస్కెట్‌తో (మూత కింది పల్చటి ప్యాకింగ్‌తో) కొలవాలో, లేకుండానో కూడా అందులోనే ఉంటుంది. వంచాల్సింది ఫ్లోట్ మీద నీడిల్‌ని నెట్టే చిన్న రేకును మాత్రమే. నీడిల్ మీద ఫ్లోట్‌ని అదిమి వంచితే కొత్త నీడిల్ కూడా పాడవుతుంది.

ఇవన్నీ విప్పేముందు ఒక్క పరీక్ష: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎయిర్ క్లీనర్ తీసి, ఐడిల్‌లో నడుస్తుండగా టార్చితో పక్కనుంచి చూడండి. ముఖం పైన పెట్టొద్దు, బ్యాక్‌ఫైర్ కావచ్చు (ఇంజన్‌లోంచి మంట వెనక్కి తన్నవచ్చు). మెయిన్ నాజిల్ నుంచి చుక్కలు పడుతుంటే లెవెల్ ఎక్కువైనట్టు. చుక్కలు లేకుండా ప్లగ్గులు తడుస్తుంటే చోక్ ఇరుక్కుందేమో, స్పార్క్ బలహీనమైందేమో చూడాలి. వేడి ఇంజన్ ఆపిన కొన్ని నిమిషాలకు మాత్రమే కారితే, బౌల్‌లో పెట్రోలు మరుగుతున్నట్టు. అది వేరే రోగం.

ఇక బలమైన పెట్రోలు పంపు. ఇలాంటి కార్ల పంపు ఒత్తిడి సాధారణంగా 2 నుంచి 5 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). కార్బురేటర్ లేకుండా పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ కారు పంపు 40 పీఎస్ఐ దరిదాపుల్లో ఇస్తుంది, దాని ముందు ఏ నీడిల్ నిలవదు. పాత పంపు డయాఫ్రమ్ (లోపలి సాగే పొర) చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, లెవెల్ గుర్తు దాటినా, కారణం కనిపెట్టి సరిచేసి ఆయిల్ మార్చేదాకా ఇంజన్ తిప్పొద్దు.